గడ్డిమందు కొట్టని గట్ల వెంట

ఆషాఢం ఆఖరి వానలు. ఏరుకుని తినేవాళ్ళకి ఇదే మంచి కాలం. చింతచిగురు ముదిరిపోయింది, ఇప్పపువ్వు ఎండల్లోనే రాలిపోయింది, అడవి దుంపలు తవ్వాలంటే తీగ ఎండాలి కాబట్టి అవి చలికాలం మాట. కానీ ఎవరూ విత్తకుండా, ఎవరూ నీళ్ళు పెట్టకుండా తొలకరికి లేచే ఆకులన్నీ ఈ నెలా నెలన్నరే లేతగా ఉంటాయి. ఆ తర్వాత పూత వచ్చి, పీచు పట్టి, ఆవులు కూడా మూతి తిప్పుకుంటాయి.

విశాఖ నుంచి ఆమదాలవలస దాకా రైలు, అక్కడి నుంచి బావ మోటార్ సైకిల్ మీద నౌపడ, మందస, సీతంపేట చుట్టి విజయనగరంలో అప్ప (అక్క) ఇంటికి చేరడం మా ప్లాను. మా ఉత్తరాంధ్ర వైపు ఉన్న సుఖం ఏమిటంటే ఒక పూట బండి తోలితే చోడి (రాగి) చేను, ఉప్పు మడి, జీడితోట, కొండ అడవి అన్నీ తగులుతాయి, దేని ఆకు దానిదే. బావ ఒకటే షరతు పెట్టాడు, రోజుకి ఒక పూటైనా కంచంలో చేప ఉండాలని. నా షరతు ఇంకొకటి. ఫోటో తీస్తే పేరు చెప్పే యాప్‌ని నమ్మి ఏదీ నోట్లో పెట్టకూడదు, ఆ ఊళ్ళో ఆ ఆకుని వండుకు తింటున్న మనిషి తన చేత్తో తెంపి చూపించిందే మేమూ కోయాలి.

శుక్రవారం, ఆమదాలవలస దగ్గర

శ్రీకాకుళం రోడ్ అని బోర్డున్న స్టేషన్ ఉన్నది ఆమదాలవలసలోనే, కొత్తవాళ్ళు టౌన్లో దిగుతున్నామనుకుని దిగి ఆటోల కోసం వెతుక్కుంటారు. పెద్దమ్మ ఊరు అక్కడికి దగ్గరే. నేను వెళ్ళేసరికి ఇంట్లో లేదు, గరువులో (మెట్ట నేలలో) చోడి చేను కలుపు తీయిస్తోందన్నారు. సంచీ అరుగు మీద పడేసి అటే నడిచాను. "ఏరా, ఏటైనా తిన్నావా" అని అడిగి, జవాబు వినకుండానే నా చేతిలో గంప పెట్టేసింది.

ఊరికే చూస్తే కలుపు తీయడం అంటే పనికిరానిది పీకి పారేయడం. దగ్గర కూర్చుని చూస్తే అక్కడ జరిగేది వేరు. ఒక్కొక్కరి దగ్గరా రెండు కుప్పలు పడుతున్నాయి. తుంగ, గరిక ఆవుకి. చెంచలి, చిలకతోటకూర, ఇంకా మొగ్గ వేయని గునుగు, గలిజేరు చీర కొంగులోకి. వయ్యారిభామ మాత్రం ఏ కుప్పలోకీ పోదు, వేళ్ళతో సహా పీకి ఎండ తగిలే చోటికి విసిరేస్తారు, అది తగిలితే కొందరికి ఒళ్ళంతా దద్దుర్లు. ఆ ఏరడం ఎంత వేగంగా జరుగుతుందంటే, మాట్లాడే మాట ఆగదు, చెయ్యి ఆగదు, కళ్ళు చేతికేసి చూడను కూడా చూడవు. సాయంత్రానికి కూలి డబ్బులు ఒక చేతిలో, ఆ పూటకి కూర ఇంకో చేతిలో. మన పల్లపు ఊళ్ళలో అడవి కూర అంటే నిజానికి ఇదే, అడవికి పోయి తెచ్చేది కాదు, కలుపులోంచి వచ్చేది.

తగిరిస అనే కలుపు ఆకుకూరని గుర్తుపట్టడం పెద్దమ్మ నేర్పింది. ఒక్కో కాడకి మూడు జతల రెబ్బలు, కొస గుండ్రంగా ఉంటుంది. అదే చేలో పడిమొలకగా లేచిన వేరుశనగకి రెండు జతలే. కసివిందకి నాలుగైదు జతలుండి కొసలు మొనదేలి ఉంటాయి. పొద్దు వాలితే తగిరిస రెబ్బలు ముడుచుకుంటాయి కాబట్టి చీకటి పడేలోపే కోసుకోవాలి, ఆపైన ఏది ఏదో తెలియదు. నలిపితే అదోరకం వాసన. "ఆ వాసనకే సగంమంది ఒగ్గేస్తారు, అందుకే మనకి మిగులుతాది" అంది.

గంప సగమయ్యాక పక్క చేను గట్టెక్కబోతుంటే పెద్దమ్మ గట్టిగా అరిచింది. "అటెళ్ళకు నాయినా, అది మందు కొట్టిన సేను."

పక్కది మొక్కజొన్న. విత్తిన రెండు మూడు రోజుల్లోనే అట్రజిన్ అనే గడ్డిమందు కొడతారు, వెడల్పాకు కలుపు మొలకెత్తకుండా ఆపడానికి. వెడల్పాకు కలుపు అని డబ్బా మీద రాసి ఉండే ఆ జాబితాలో ఏముంటాయంటే, సరిగ్గా మా గంపలో ఉన్నవే. చెంచలి, తోటకూర, గలిజేరు. రైతుని తప్పుపట్టి లాభం లేదు, కూలీలు దొరకరు, దొరికినా ఎకరానికి అయ్యే కూలి ముందు మందు డబ్బా చవక. కానీ ఆ లెక్కలో ఎవరూ రాయని పద్దు ఒకటుంది. మందు వచ్చిన చేలో కలుపు కూలితో పాటు కొంగులోకి వచ్చే కూర కూడా పోయింది. పెద్దమ్మ చేనులో ఇంకా మనుషుల్ని పెట్టి తీయిస్తోందంటే ఆవిడకి ప్రకృతి సేద్యం మీద ప్రేమ అని కాదు, చోడికి ఏ మందు కొడితే ఏమవుతుందో అని భయం, పైగా ఆ ఆడవాళ్ళతో కబుర్లు లేకపోతే ఆవిడకి పొద్దుపోదు.

ఇంటికొచ్చాక వంట. కలగూరగా అన్నీ ఒకే గిన్నెలో పడేస్తుందనుకున్నాను, కాదు. చెంచలి, తోటకూర కందిపప్పులోకి, చింతపండు కొంచెం, తాలింపులో వెల్లుల్లి చితక్కొట్టి వేయడం, అంతే. గలిజేరుని వేరుగా ఉడకబెట్టి నీళ్ళు వార్చి పారబోసింది, ఆ ఆకులో ఆక్సలేట్లు ఎక్కువ, మూత్రపిండాల్లో రాళ్ళున్నవాళ్ళు దాని జోలికి పోకపోవడమే మంచిది. తగిరిస లేత రెబ్బల్ని కూడా ఉడికించి గట్టిగా పిండేసి, ఉల్లిపాయ, ఎండుమిరపకాయల తాలింపులో దోరగా వేయించి, దించే ముందు నువ్వుగుండ చల్లింది. ఆ ముద్దకి చిరుచేదు, నువ్వుల కమ్మదనం, పైన గంజి వార్చిన వేడన్నం. బావ సాయంత్రం విజయనగరం నుంచి బండి మీద దిగాడు, ఆమదాలవలస బజారులో కొన్న చేపలు సంచీలో వేలాడేసుకుని. తిన్నది మాత్రం తగిరిస కూరే రెండుసార్లు వడ్డించుకుని. నేనేమీ అనలేదు.

శనివారం, నౌపడ

పొద్దున్నే హైవే ఎక్కి నరసన్నపేట, కోటబొమ్మాళి, టెక్కలి. వాన ముసురు, రెయిన్‌కోటు లోపలికి నీళ్ళు. టెక్కలి దాటి తేలినీలాపురం వైపు తిరిగాం. పెలికాన్లు, ఎర్రకాళ్ళ కొంగలు వచ్చేది వానలు తగ్గుముఖం పట్టాకే, ఇప్పుడు ఆ ఊరి చెట్లు ఖాళీ. మేం వచ్చింది పక్షుల కోసం కాదు కాబట్టి ఆగలేదు.

నౌపడ ఉప్పు మడుల్లో వానాకాలం పని ఉండదు. ఉప్పు పండేది ఎండల్లో, ఇప్పుడు మడులన్నీ వాననీటితో నిండి, గట్లు ఖాళీగా, కుప్పల మీద కప్పిన తాటాకులు నల్లబడి ఉన్నాయి. ఆ గట్ల మీదే ఇలకూర. నేల మీద పాకుతూ, కండ పట్టిన సన్నటి ఆకులతో, కొన్నిచోట్ల ఆకుపచ్చగా, ఉప్పు ఎక్కువున్న చోట ఎర్రగా. ఒక్క ఆకు కొరికితే చాలు, నోరంతా ఉప్పు. సముద్రపు నేలలో బతకడానికి ఆ మొక్క ఉప్పుని ఆకులోనే దాచుకుంటుంది. ఉప్పు పోకుండా వండితే కూర మొత్తం చెడినట్టే.

గట్టు మీద మేకలు కాస్తున్న ఒక పెద్దావిడ మమ్మల్ని చూసి నవ్వింది. "ఏటి బాబూ, ఇంత దూరం ఈ గడ్డి కోసరం వచ్చినారా?" ఆవిడ చెప్పిన పద్ధతి ఇదీ. చివుళ్ళు మాత్రమే గిల్లాలి. మంచినీళ్ళలో ఉడకబెట్టి వార్చాలి, మళ్ళీ కొత్త నీళ్ళు పోసి ఇంకోసారి ఉడికించి వార్చాలి, ఆ తర్వాత రుచి చూసుకోవాలి, కూరలో ఉప్పు వేసే పని ఉండదు. చింతపండు పులుసు పోసి ఎండు రొయ్యలు వేస్తే దానికదే సరిపడుతుంది. ఇంట్లో బియ్యం తప్ప ఏమీ లేని రోజుల్లో తిన్నామంది, ఇప్పుడు ఎప్పుడైనా నోరు చప్పబడితే వండుకుంటుందట.

ఇంకో మాట కూడా చెప్పింది, నేను అడగకుండానే. "మా ఇంటాయనకి కిడ్నీ బాలేదు. ఆయన కంచంలో ఇది వెయ్యను." ఉద్దానం పక్కనే ఉంది, ఈ తీరంలో కిడ్నీ జబ్బు మాట రాని ఇల్లు తక్కువ. కిడ్నీ పాడైనవాళ్ళకి సోడియం, పొటాషియం రెండూ తగ్గించమంటారు, మామూలు ఆకుకూరల్నే తరిగి, ఎక్కువ నీళ్ళలో ఉడికించి, ఆ నీళ్ళు పారబోసి కొద్దిగా తినమంటారు, ఇక ఉప్పునేలలో పెరిగిన ఆకు సంగతి చెప్పక్కర్లేదు. అడవి ఆకు అంటే చాలు ఆరోగ్యం అని రాసేవాళ్ళు ఈ ఊళ్ళకొచ్చి ఆ మాట అనాలి. ఏ ఆకు ఎవరికి పడదో ఆ పెద్దావిడకి తెలిసినంత వాళ్ళకి తెలియదు.

పలాసలో రాత్రికి గది తీసుకున్నాం. హోటల్ వంటింట్లో ఒక కుర్రాడిని బతిమాలి ఇలకూర రెండుసార్లు వార్పించాను. నేను చెప్పినదానికన్నా అతను ఎక్కువ పులుపు వేశాడు, బాగానే ఉంది. రొయ్యలుండబట్టి బావకి ఆ రోజు షరతు తీరినట్టే.

ఆదివారం, మందస కొండ కింద

పలాస నుంచి మందస దగ్గరే. వాసుదేవ పెరుమాళ్ గుడి ముందు ఆగి, కోవా కొనుక్కుని (మందస కోవా కొనకుండా వచ్చేవాడిని మా వైపు మనిషిగా లెక్కేయరు), కొండ వైపు తిరిగాం. మహేంద్రగిరి మబ్బుల్లో ఉంది, కనిపించలేదు. దాని ఎత్తు 1501 మీటర్లు, శిఖరం ఒడిశా గజపతి జిల్లాలో. ఆ కొండల్లో పుట్టిన మహేంద్రతనయ మన జిల్లాలోకి దిగి బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది.

బావకి తెలిసిన ఒక మాస్టారు ఆ కొండ కింది సవర గిరిజనుల గూడెంలో పనిచేశారు, ఆయనే వెంటబెట్టుకుని తీసుకెళ్ళారు. పొద్దున్న ఎనిమిదయ్యేదాకా ఎవరూ తోటల్లోకి కదలలేదు. ఎలుగుబంట్లు. జీడిమామిడి, పనసపండ్ల కాలంలో అవి తెల్లవారుజామున, పొద్దుగూకాక తోటల్లోకి దిగుతాయి, కాలం అయిపోయినా ఆ అలవాటు వాటికి పోదు. అందుకని ఎండ బాగా పైకొచ్చాక, నలుగురైదుగురు కలిసి, గట్టిగా మాట్లాడుకుంటూ వెళ్తారు. ఆ మాటలు కబుర్లనుకున్నాను, ఎలుగుకి ముందే తెలిసేలా చేయడం అని మాస్టారు చెప్పారు.

మా ముందు నడిచిన ఆవిడకి యాభై దాటి ఉంటాయి. ఆగాకర తీగ దగ్గర ఆగింది. కాయలు లేవు, పువ్వులు నిండుగా ఉన్నాయి. "ఇది మగది" అని ముందుకి పోయింది. ఆగాకరలో మగ తీగ, ఆడ తీగ వేరు వేరు. మగ తీగ పువ్వు కింద ఏమీ ఉండదు, ఆడ తీగ పువ్వు కింద ముళ్ళున్న బుల్లి కాయ అప్పటికే కనిపిస్తుంది. మగది కాయదు కదా అని పీకేస్తే ఆ చుట్టుపక్కల ఆడ తీగలకి కాపు ఉండదు. తీగ ఏటా చచ్చినా నేలలో గడ్డ బతికే ఉంటుంది, తొలకరికి మళ్ళీ అక్కడే లేస్తుంది. ఏ రాయి పక్కన ఏ తీగ ఉందో ఆవిడకి ఇంటి దారి తెలిసినట్టే తెలుసు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను జీడిచెట్లని పడగొట్టిన చోట్లలో ఎండ తగిలి ఈ తీగలు బాగా లేచాయని ఆవిడ మాట. ఆ తుఫాను ఇక్కడి వాళ్ళకి ఏం మిగల్చలేదు, ఈ కాయలు తప్ప అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

తర్వాత పుట్టకొక్కులు, అంటే చెదపుట్టల దగ్గర లేచే పుట్టగొడుగులు. రాత్రి ఉరిమింది కాబట్టి ఉంటాయని ముందే అనుకున్నారు. పుట్ట పక్కన, గడ్డిలో, తెల్లగా, నడినెత్తిన మొనదేలి. కాడని నేలకి సమానంగా తెంపకుండా పట్టుకుని మెల్లగా లాగింది, కింద పొడుగ్గా వేరులాంటిది బయటికొచ్చింది. అది పుట్ట లోపల చెదలు సాకుకునే బూజు గూటి దాకా పోతుంది. చెదలు ఆకులు, పుల్లలు తెచ్చి ఆ బూజుకి పెడతాయి, బూజు వాటికి తిండి తయారుచేస్తుంది, వానకి దాని పువ్వు మనకి పైన కనిపిస్తుంది. చెదలు లేకుండా పెరగదు కాబట్టి మామూలు పుట్టగొడుగుల్లా షెడ్డు వేసి పండించడం ఇంతవరకూ ఎవరికీ కుదరలేదు. ఈ కొక్కులు కావాలంటే పుట్ట ఉండాలి, పుట్ట ఉండాలంటే ట్రాక్టరు దాన్ని చదును చేయకుండా వదలాలి.

ఆ వేరు ఉందా లేదా చూసుకోవడం ఆవిడ మొదటి పరీక్ష. ఆ తర్వాత రంగు, చోటు, వాసన. నాలుగు అడుగుల అవతల ఇంకో రకం తెల్లటివి గుంపుగా ఉంటే తాకనివ్వలేదు. వెండి నాణెం వేసి ఉడికిస్తే నల్లబడుతుందని, ఉల్లిపాయ రంగు మారితే విషమని చెప్పే చిట్కాలు మన ఊళ్ళన్నిట్లో తిరుగుతుంటాయి, ఒక్కటీ నిజం కాదు. కొన్ని కొక్కుల విషం ఎంతసేపు ఉడికించినా పోదు, తిన్న చాలా గంటలకి గానీ వాంతులు మొదలవ్వవు, అప్పటికే కాలేయం దెబ్బతింటుంది. తెలిసిన మనిషి పక్కన లేకపోతే పుట్టకొక్కుల జోలికి వెళ్ళకండి. చదివి నేర్చుకునే విద్య కాదిది.

వంట గూడెంలోనే. కొక్కుల్ని మట్టి పోయేలా గీకి, చేత్తోనే చీల్చి, పసుపు, ఉప్పు, పచ్చిమిరప, వెల్లుల్లి కలిపి అడ్డాకుల్లో పొట్లం కట్టి, నిప్పుల మీద పెట్టి పైన కూడా నిప్పులు కప్పారు. చుక్క నూనె లేదు. ఆకు మాడి నల్లబడ్డాక విప్పితే లోపల దాని నీటిలో అదే మగ్గి ఉంది. చోడి అంబలి లోటాల్లో పోసిచ్చారు. బావ చేప సంగతి ఎత్తలేదు. దారిలో తెంపుకున్న వాక్కాయలు మాత్రం పుల్లగా పళ్ళు గుంజేశాయి, పప్పులో వేయడానికి సంచీలో పెట్టుకున్నాం.

సోమవారం, సీతంపేట

పాతపట్నం, హిరమండలం, కొత్తూరు మీదుగా కొండెక్కాం. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళింది, కానీ మా ఇంట్లో ఇంకా అది శ్రీకాకుళం ఏజెన్సీయే. రోడ్డు వార అనాసపండ్ల కుప్పలు, వాటి పక్కన వెదురు కొమ్ములు (నేలలోంచి లేచే లేత మొలకలు), కట్టలు కట్టిన కొండచీపుళ్ళు. అనాసపండు కోయించి తిన్నాం, ఉప్పూకారం అద్ది. మెట్టుగూడ జలపాతం దగ్గర సెల్ఫీల జనం, బావ కూడా ఒకటి తీసుకున్నాడు, ముందుకి పోయాం.

మాకు దారి చూపించినాయన అడవిలోకి ఎక్కువ దూరం రానన్నాడు. ఒడిశా వైపు నుంచి వచ్చిన ఏనుగులు ఏళ్ళ తరబడి ఈ మండలాల్లోనే తిరుగుతున్నాయి, అవి ఏ పక్క ఉన్నాయో పొద్దున్నే ఒకరికొకరు ఫోన్లు చేసి తెలుసుకుంటారు. వెదురు లేత కొమ్ములంటే వాటికీ ఇష్టమే. అందుకని గెడ్డ (వాగు) పక్కన, ఊరికి కూతవేటు దూరంలో ఉన్న పొదల దగ్గరే ఆగిపోయాం.

కొమ్ము నేలలోంచి మూరెడు లేచిందంటే కోతకి వచ్చినట్టు. అంతకన్నా పెరిగితే కర్ర. పొదలో అన్నీ కోయరు, ఒకటి రెండు తీసి మిగతావి వదిలేస్తారు, ఈ ఏడు కొమ్మే వచ్చే ఏడు బొంగు, బొంగు లేకపోతే బుట్టా లేదు, తడకా లేదు. పై పొరల మీద సన్నటి నూగు ఉంటుంది, చేతికి అంటుకుంటే రాత్రంతా దురద. అందుకే అక్కడే కత్తితో పొరలు విప్పేసి లోపలి తెల్లటి గుజ్జే ఇంటికి తెస్తారు. 2006 అటవీ హక్కుల చట్టం వెదురుని చిన్నతరహా అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది, తరతరాలుగా ఏరుకునేవాళ్ళకి దాని మీద హక్కు ఇచ్చింది. మాకు దారి చూపినాయనకి ఆ చట్టం పేరు, సంవత్సరం రెండూ నోటికి వచ్చు. బయట నుంచి వచ్చిన మాలాంటివాళ్ళకి ఆ హక్కు లేదు కాబట్టి కొమ్ములు ఆయన కోసినవే కొనుక్కున్నాం, అడిగిన ధరకే. బావ బేరమాడబోతే కాలు తొక్కాను.

కొమ్ముని పచ్చిగా తినకూడదు. అందులో సయనైడ్‌ని పుట్టించే పదార్థం ఉంటుంది. పలచగా చక్రాల్లా తరిగి, బోలెడు నీళ్ళు పోసి, మూత పెట్టకుండా ఉడికిస్తే ఆవిరితో పాటు పోతుంది, ఆ నీళ్ళు వార్చేసి ఇంకోసారి ఉడికిస్తారు. ఆయన భార్య ఈ సయనైడ్ మాట వినలేదు, వినాల్సిన పనీ లేదు. "మూతెడితే సేదు లోనే ఉండిపోద్ది" అంది, మూత తీసి పక్కన పెడుతూ.

వాళ్ళింటి వెనక ఒక తీగ చూపించింది, ఒక్కో కాడకి మూడేసి పెద్ద ఆకులు, కాండం నిండా ముళ్ళు. చేదు దుంప. మిగతా అడవి దుంపలు చాలావరకు కాల్చుకునో ఉడకబెట్టుకునో తినేయొచ్చు, ఇది మాత్రం అలా తింటే మనిషి పడిపోతాడు, నరాల మీద పనిచేసే విషం ఉంది ఇందులో. చలికాలంలో తవ్వి, చెక్కు తీసి, పలచగా తరిగి, బూడిద కలిపి ఉడికించి, బుట్టలో పోసి గెడ్డలో పారే నీటికి అడ్డంగా కట్టి వదిలేస్తారు. ఒక రాత్రి చాలదు. మధ్యలో ముక్క నాలిక మీద పెట్టి చూసి, ఇంకా గరగరలాడితే మళ్ళీ నీళ్ళలోకే. ఇంత కష్టం ఎందుకని బావ అడిగాడు. వాళ్ళ అత్తగారి రోజుల్లో పోడు పంట చేతికి రాకముందు నెలల్లో ఇంట్లో గింజ ఉండేది కాదని, కోటా బియ్యం వచ్చాక దీన్ని తవ్వేవాళ్ళు తగ్గారని చెప్పింది. చిన్నవాళ్ళకి ఈ పని నేర్పుతున్నారా అంటే, "ఆళ్ళకి ఓపికేటుంటాది, బియ్యమున్నాయి కదా" అంది. బియ్యం రావడం మంచిదే. కానీ నీళ్ళలో ఎన్నాళ్ళు ఉంచాలో తెలియనివాడు రేపు ఎవడైనా వీడియో చూసి ఈ దుంప తవ్వితే ఏమవుతుందోనని నాకు టెన్షన్.

ఆవిడ పోడులో ఒకే చోట చోళ్ళు, సామలు, కందులు, గుమ్మడి కలిసి లేస్తున్నాయి. కలుపు తీసిన కుప్పలు ఇక్కడా రెండే. తగిరిస ఇక్కడా ఉంది. దాంట్లో నువ్వుగుండకి బదులు నానబెట్టి నూరిన బియ్యప్పిండి జారుగా పోసి వండుతుంది, చేదు ఇంకా తగ్గుతుందట. గడ్డిమందు ఇంత పైకి రాలేదా అని అడిగాను. కింద కొత్తూరు వైపు జారుతున్న పొలాలు చూపించింది. "ఆ గట్టు దాకా వచ్చీసినాది."

మంగళవారం, పాలకొండ, రాజాం, విజయనగరం

దిగుదారి, పాలకొండలో టిఫిను, రాజాం, చీపురుపల్లి, ఏకబిగిన విజయనగరం. ఊరి చివర ఒక చెరువు గట్టు కింద పొన్నగంటి దట్టంగా అల్లుకుని ఉంటే బండి ఆపించాను. దిగి చూస్తే ఆ పక్కనే కాలనీ మురుగు కాలవ కలుస్తోంది. పొన్నగంటి నీళ్ళలో ఏముంటే అది పీల్చుకునే రకం, మురుగులో పెరిగింది ఎంత నిగనిగలాడినా కోయకూడదు. అక్కడే ఒకాయన కోసి కట్టలు కడుతున్నాడు, ఎక్కడ అమ్ముతావు బాబూ అంటే నవ్వేసి ఊరుకున్నాడు. రైతుబజారులో పొన్నగంటి కొనేవాళ్ళు ఏ నీటిదో అడిగి కొనండి, కాడలు నల్లబడి మురుగు వాసన వేస్తే అక్కడే పెట్టేయండి.

అప్ప సంచీ విప్పి వాక్కాయలు ఫ్రిజ్‌లో పెట్టింది, వెదురు కొమ్ముల్ని అనుమానంగా చూసింది. సీతంపేటలో ఒకసారి ఉడికించి వార్చినవే అయినా ఇంకోసారి మూత లేకుండా ఉడికించి పిండేశాం. నానబెట్టిన ఆవాలు, ఎండుమిరపకాయలు, రెండు చెంచాల పచ్చికొబ్బరి రోట్లో మెత్తగా నూరాను. మూకుట్లో నూనె, మినప్పప్పు, కరివేపాకు, ఇంగువ, పసుపు గుండ, కొమ్ము ముక్కలు, చింతపండు రసం, చిన్న బెల్లం ముక్క. నీరంతా ఇగిరి పొయ్యి కట్టేశాకే ఆవ కలపాలి, మంట మీద కలిపితే ఆవ చేదెక్కుతుంది. పనసపొట్టు ఆవపెట్టి ఎలా వండుతామో సరిగ్గా అదే లెక్క, కాకపోతే పొట్టు కన్నా కొమ్ము కరకరలాడుతుంది, ఆవ ఘాటు దాని లోపలికి ఇంకడానికి ఒక గంట పడుతుంది. వెంటనే తింటే అంత బాలేదు, రాత్రికి బాగుంది.

అప్ప పిల్లలు ఒక్క ముక్క తిని వదిలేశారు. మిగిలిన కొమ్ములు సగం ఎండబెట్టాం, సగం ఉప్పునీళ్ళలో సీసాకి పట్టాం. పులిశాక ఎండు చేపలతో వండాలని బావ అప్పుడే చెప్పేశాడు.